మూడోసారి అడిగేదాకా

పంపన సూర్యచంద్రం తన యాభై ఆరేళ్ళ జీవితంలో, ఎవరైనా "భోంచేస్తారా?" అని అడిగితే, మొదటిసారే ఔనన్న పాపాన పోలేదు. మొదటిసారికి "అబ్బే, ఇప్పుడే అయిందండీ" అనేవాడు. రెండోసారికి "మీకెందుకండీ శ్రమ" అనేవాడు. మూడోసారికి "మీరింతగా చెబుతుంటే ఇంక..." అంటూ కాళ్ళు కడుక్కోవడానికి లేచేవాడు. అది అబద్ధం కాదు, పద్ధతి. అడిగేవాళ్ళకీ ఆ పద్ధతి తెలుసు కాబట్టి, మొదటి "అబ్బే" వినబడగానే లోపల ఎసరు పెట్టేసేవారు. కాలవ పొడుగునా ఉన్న పదిహేను ఊళ్ళలో ఈ ఏర్పాటు ఏనాడూ బెడిసికొట్టలేదు.

అది మొదటిసారి బెడిసికొట్టింది జిల్లా కేంద్రంలోని జీర్ణకోశ వైద్య సంస్థలో, మూడో అంతస్తులో, పదకొండో నంబరు మంచం మీద.

సూర్యచంద్రం కాలవ లాకుల దగ్గర లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి గేజి రిజిస్టరులో రాయడం అతని పని. శనివారం పొద్దున షట్టరు చక్రం తిప్పుతుండగా పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోంచి బయటికి పొడుచుకొచ్చినట్టయింది. భార్య వీరవేణి ఆటోలో పడేసి తీసుకొచ్చింది. డ్యూటీ డాక్టరు స్కానింగు చూసి, పిత్తాశయంలోంచి రాయి జారి క్లోమం దారికి అడ్డం పడిందనీ, అందుకే క్లోమం వాచిందనీ చెప్పాడు. సూర్యచంద్రానికి వెంటనే అర్థమైంది. తూము నోట్లో దుంగ అడ్డం పడితే ఎగువన కాలవ ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

రాయి దానంతటదే జారిపోయింది. ఆదివారం సాయంత్రానికి నొప్పి తగ్గింది. సోమవారం తెల్లారేసరికి ఆకలి వేసింది.

చేతికి సెలైను ఎక్కుతోంది. తలవైపు గోడకి "నోటికి ఏమీ ఇవ్వరాదు" అని అట్ట వేలాడుతోంది. కింద క్యాంటీనులో ఉప్మా తాలింపు వేస్తే ఆ వాసన మూడు అంతస్తులూ ఎక్కి, వేరే ఎవరి దగ్గరా ఆగకుండా, సరాసరి అతని మంచం దగ్గరికి వచ్చినట్టనిపించింది.

పూర్వం ఈ జబ్బు వచ్చినవాళ్ళని క్లోమానికి విశ్రాంతి పేరుతో రోజుల తరబడి పస్తులుంచేవారు. అది మంచిది కాదనీ, పేగు ఖాళీగా ఉంటే దాని గోడ బలహీనపడి లేనిపోని జబ్బులు పట్టుకుంటాయనీ పెద్ద డాక్టర్లు తేల్చాక, రాజధాని నుంచి ఈ సంస్థకి ఒక సర్క్యులరు వచ్చింది. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. "రోగికి ఆకలి వేసిన వెంటనే నోటి ద్వారా తేలికపాటి ఆహారము ప్రారంభించవలెను."

ఇంత స్పష్టమైన వాక్యం ఆ సంస్థకి అంతకుముందెన్నడూ రాలేదు. అందుకని అందరూ కంగారుపడ్డారు.

"ఆహారం అంటే మనకు తెలుసు. వెంటనే అంటే గడియారం ఉంది. ఆకలి వేసిందని ఎవరు చెప్పాలి?" అని సమావేశంలో డైరెక్టరు డాక్టర్ యజ్ఞేశ్వరరావు అడిగారు.

"రోగి చెబుతాడండీ," అంది శశిరేఖ. ఆవిడ ఆస్పత్రిలో పథ్యం చూసే పోషకాహార నిపుణురాలు. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి వెనక వరసలో కూర్చుంది.

"రోగి ప్రయోజనం పొందే పక్షం కదమ్మా," అన్నారు డైరెక్టరు జాలిగా. "ఆయన మాట మీదే ఆయనకి అన్నం పెట్టేస్తే, రేపు తనిఖీలో మనమేం చెబుతాం?"

ఆ విధంగా ఆకలి నిర్ధారణ సంఘం ఏర్పడింది. సంఘం నిర్ధారించనిదే ఎవరికీ నోటికి ఏమీ ఇవ్వకూడదు. అలాగని పస్తులుంచడం కూడా నేరమే కనక, చేరిన ఆరో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకల్లా ఆకలి నిర్ధారణ కాకపోతే, ముక్కులోంచి పేగుదాకా గొట్టం దించి ఆహారం పంపాలి. సూర్యచంద్రానికి ఆరో రోజు గురువారం. ఆ గొట్టాన్ని అతను తొమ్మిదో నంబరు మంచం మీద మనిషికి వేస్తుండగా చూశాడు. గొట్టం కన్నా ఆ మనిషి కళ్ళు ఎక్కువ చూశాడు. అప్పటినుంచీ తన ముక్కు తనకి గుర్తొస్తూనే ఉంది.

సోమవారం పదకొండింటికి సంఘం వచ్చింది. డైరెక్టరు, మనస్తత్వ నిపుణుడు డాక్టర్ త్రివిక్రమ్, శశిరేఖ, రాసుకోవడానికో గుమాస్తా. ముందు పదో నంబరు దగ్గర ఆగారు. అక్కడున్నది పైడిరాజు, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన తాపీమేస్త్రి. జబ్బు ఇదే.

"ఆకలిగా ఉందా?"

"ఏటి బావూ ఆ అడగడం! మూడ్రోజులై నోట్లో మెతుకు నేదు. ఆకలి సంపేస్తంది!"

డాక్టర్ త్రివిక్రమ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంత తొందరగా, ఇంత గట్టిగా వచ్చిన జవాబు ఆకలిని సూచించదు, ఆత్రాన్ని సూచిస్తుంది. ఆకలి శరీరానిది. ఆత్రం మనసుది. సర్క్యులరులో ఆత్రం ప్రస్తావన లేదు." గుమాస్తా "ఆత్రము, విచారణలో ఉన్నది" అని రాసుకున్నాడు.

తర్వాత డైరెక్టరు పదకొండో నంబరు వైపు తిరిగి, భుజం మీద చెయ్యి వేసి, "సూర్యచంద్రం గారూ, ఆకలిగా ఉందాండీ?" అన్నారు.

ఆ "గారూ" కొంప ముంచింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ అధికారీ సూర్యచంద్రాన్ని గారూ అనలేదు. అంత పెద్దమనిషి అంత మర్యాదగా అడిగితే, మన మర్యాద మనం నిలుపుకోవద్దూ? నోరు దానంతటదే తెరుచుకుంది.

"అబ్బే, లేదండీ."

రెండోసారి అడుగుతారని మొహం నవ్వుగా పెట్టుకుని కూర్చున్నాడు. "చాలా సంతోషం" అని డైరెక్టరు ముందుకు నడిచారు. "రోగి తనకు ఆకలి లేదని స్వచ్ఛందముగా, ఎట్టి ఒత్తిడియు లేకుండా తెలియజేసెను," అని గుమాస్తా రాశాడు. సూర్యచంద్రం "అయ్యా" అందామనుకునేసరికి వాళ్ళు పద్నాలుగో నంబరు దగ్గరున్నారు.

ములాఖాతు వేళకి వచ్చిన వీరవేణి ఇది విని నెత్తి కొట్టుకుంది.

"అబ్బే అన్నావా? ఎవరితో? డాక్టరుతోనా?"

"మళ్ళీ అడుగుతారనుకున్నానే."

"వాళ్ళేమన్నా నీకు వియ్యాలవారా, విస్తరి దగ్గర నిలబడి బతిమాలడానికి? అవతల ముక్కులో గొట్టం గుచ్చుతామంటే ఈయనకి పెళ్ళిభోజనం మర్యాదలు!"

"మీ గోదారోల్ల మరేద సూసేను గానీ అక్కా," అన్నాడు పైడిరాజు పక్క మంచం మీంచి, "నాను ఉందన్నాను, నాకూ నేదు. ఆయన నేదన్నాడు, ఆయనకీ నేదు. మరి ఏటంటే పెడతారో!"

సూర్యచంద్రం పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అతన్ని తొలిచేస్తున్నది ఆకలి ఒక్కటే కాదు. చేరిన రోజున "మందు అలవాటుందా?" అని డ్యూటీ డాక్టరు అడిగాడు. లేదన్నాడు. నర్సు అడిగింది. లేదన్నాడు. అల్ట్రాసౌండు దగ్గర అడిగారు, స్ట్రెచరు తోసే అతను అడిగాడు. మొత్తం పదకొండు మంది, మనిషికి రెండు మూడు సార్లు అడిగారు. "నిజం చెప్పు, పండక్కీ పబ్బానికీ?" అని బతిమాలారు. అప్పుడు లేదన్నది నిజం, ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు లేదన్నది మర్యాద, ఒక్క దెబ్బకి నమ్మేశారు.

మంగళవారం వీరవేణి ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళింది. ఒకసారి లేదన్న ఆకలిని ఉందనడానికి వేరే ఫారం ఉంది. మాట ఎందుకు మారిందో రాయాలి, ఆకలిని స్వయంగా గమనించిన సాక్షి సంతకం పెట్టాలి.

"ఆకలిని ఎలా గమనిస్తారు బాబూ?"

"పొట్ట శబ్దం వినడం వగైరా," అన్నాడు గుమాస్తా.

సెలైను స్టాండు పట్టుకుని ఆవిడ వెనకే వచ్చిన పైడిరాజు ముందుకొచ్చాడు. "నాను ఇన్నాను బావూ. తెల్లారగట్ట ఆయన పొట్ట లాంచీ కూసినట్టు కూసింది."

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. "పదో నంబరా? మీ ఆత్రం విచారణలో ఉంది. ఆత్రంలో ఉన్న మనిషి విన్న శబ్దం పరిగణించలేం."

ఫారం మీద "మనోపరీక్షకు పంపవలెను" అని ముద్రపడింది. మధ్యాహ్నం సూర్యచంద్రాన్ని చక్రాల కుర్చీలో డాక్టర్ త్రివిక్రమ్ గదికి తోసుకెళ్ళారు. నోరు ఎంత ఊరుతుందో తూచడానికి నాలిక కింద దూది పెట్టి, తినేవాటి బొమ్మలు ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టాడాయన.

"ఇది చూస్తే ఏమనిపిస్తోంది?"

"ఇడ్లీ అండి."

"అనిపిస్తోందా, తెలుసా?"

సూర్యచంద్రం ఆలోచించాడు. "తెలుసండి."

"చూశారా. తెలియడం వేరు. ఆకలి అంటే మీకు లోపల ఏం జరుగుతుంది?"

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. ఇంట్లో ఆకలా అని అడగరు, కంచం పెడతారు. సూర్యచంద్రం లోపలికి చూసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్న అంత గట్టిగా ఉన్న ఆకలి, చూడబోయేసరికి, టార్చి వేస్తే కలుగులోకి దూరిన ఎలకలా కనబడకుండా పోయింది. అక్కడేదో ఖాళీగా ఉంది. అది ఆకలా? అలవాటా? భయమా? నిన్నటి ఆకలి జ్ఞాపకమా? వెతికినకొద్దీ అనుమానం పెరిగింది. దాని అడుగున అతను చూడదలుచుకోనిది ఒకటి కనబడింది.

పన్నెండేళ్ళ కిందట, వానలు లేని ఏడు. కింది కాలవకి నీళ్ళు వదలమని ఆర్డరు రాలేదు. వెన్ను తీసే వేళ, పొట్టమీదున్న చేను మాడిపోతోందని ఏడిద నాగన్న మూడు రోజులు లాకుల దగ్గర కూర్చున్నాడు. "నీళ్ళు నీ ముందున్నాయి, చేను నా వెనకుంది. మధ్యలో కాయితం ఏంటయ్యా?" అన్నాడు. కాయితం రాకుండా ఎత్తకూడదన్నాడు సూర్యచంద్రం. మూడో రోజు అతను షట్టరు తాళంచెవులు గట్టు మీద పెట్టి, అటు వీపు పెట్టి కూర్చుని, ఎదర రేవులో బట్టలు ఉతుకుతున్నవాళ్ళని చాలాసేపు చూశాడు. వెనకాల చక్రం కిర్రుమన్న చప్పుడు అతనికి వినబడలేదు. మర్నాడు గేజి రిజిస్టరులో "షట్టరు అడుగున స్వల్పముగా కారుచున్నది" అని రాశాడు. ఈ సంగతి వీరవేణికి కూడా చెప్పలేదు.

"ఏం కనబడింది?" అన్నాడు డాక్టరు.

"నీళ్ళండి."

ఆయన దూది తీసి తూచి, రాసుకున్నాడు. "ఆకలి గురించి ప్రశ్నించగా రోగి నీటిని తలచుకొనుచున్నాడు. దాహము కావచ్చును. సెలైను పెంచవలెను."

బుధవారం పొద్దున్న సంఘం మళ్ళీ కూర్చుంది. సూర్యచంద్రాన్ని ఎదురుగా కూర్చోబెట్టారు. ఉందండీ, ఉందండీ అని దారంతా వల్లెవేసుకుంటూ వచ్చాడు. డైరెక్టరు అసలా ప్రశ్నే వెయ్యలేదు.

"మీ మాట మీద ఈ సంస్థకి అపారమైన గౌరవం ఉందండీ. సోమవారం మీరు లేదన్నారు. ఆ మాట అబద్ధమని ఇప్పుడంటున్నారా?"

అబద్ధం కాదు. పెద్దమనిషి ముందు అబద్ధమాడానని ఒప్పుకుంటే తను లస్కరే కాదు. నిజమంటే గొట్టం. సూర్యచంద్రం చేతులు నలుపుకున్నాడు. చివరికి, అధికారిని తప్పుపట్టవలసి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోతూ, నెమ్మదిగా అన్నాడు.

"అయ్యా, తమరు రెండోసారి అడగలేదండి."

గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు.

"మూడోసారికి ఔననేవాణ్ణండి. మా వైపు అంతేనండి."

డైరెక్టరు మొహం మెల్లగా వెలిగింది. "త్రివిక్రమ్ గారూ! ఇంత ముఖ్యమైన సాంస్కృతిక అంశాన్ని మనం ఎలా విస్మరించాం?"

"విస్మరించలేదు సార్. అధ్యయనం చేయవలసినవాటిలో ఉంది."

"ఇంక లాభం లేదండీ, ఇప్పుడే ఈయనకి జావ పట్టిద్దాం," అంది శశిరేఖ వెనకనుంచి.

"తొందరపడి ఒక్క రోగికి మేలు చేస్తే, విధానం దెబ్బతింటుందమ్మా," అన్నారు డైరెక్టరు.

పావుగంటలో మొహమాట సవరణ తయారైంది. ఇకనుంచి ప్రతి రోగినీ మూడుసార్లు అడగవలెను. మొదటి రెండు జవాబులు, అవి ఏవైననూ, మొహమాటముగా పరిగణింపబడును. మూడవ జవాబు మాత్రమే చెల్లును. రెండవ, మూడవ అడుగుటల నడుమ, రోగి నిష్పాక్షికముగా ఆలోచించుకొనుటకు, ఒక రోజు వ్యవధి ఉండవలెను. సోమవారం అడిగినది మొదటిది. ఆ లెక్కన రెండోది బుధవారం, మూడోది గురువారం పదకొండింటికి. పన్నెండింటికి గొట్టం.

అడగడం సరే, బతిమాలడం ఎవరు చెయ్యాలి? డాక్టర్లు బతిమాలితే పదవికి తగదు. నర్సులకి తీరిక లేదు. ప్రజలతో నిత్యం మాట్లాడే అనుభవం ఉన్న ఏకైక ఉద్యోగి గేటు దగ్గర వాచ్‌మన్ యేసుపాదం. ఆ అనుభవమంతా జనాన్ని వెనక్కి పంపడంలో వచ్చిందే అయినా, అతన్నే బతిమాలు సహాయకుడిగా నియమించి, ఒక పూట శిక్షణ ఇచ్చి, అచ్చువేసిన కాయితం చేతికిచ్చారు.

సాయంత్రం నాలుగింటికి యేసుపాదం లాఠీ గోడకి ఆనించి, పదకొండో నంబరు ముందు అటెన్షనులో నిలబడ్డాడు.

"రోగి గారూ. ఆకలిగా ఉందా."

"ఉందండీ!" అన్నాడు సూర్యచంద్రం.

యేసుపాదం కాయితం అటూ ఇటూ తిప్పాడు. చెమట పట్టింది. "అలాగంటే ఎలాగండి బాబూ. ఇది రెండోది. తమరు లేదనాలి. లేదంటేనే నాకు తరవాత లైను."

"మరి నిజంగా ఉంది కదయ్యా."

"ఉంటే రేపు చెప్పుకోండి. ఇయ్యాళ్ళ చెల్లదు. నాకు ఇది కొత్త డ్యూటీ, పేరు చెడగొట్టకండి."

అతని అవస్థ చూస్తే సూర్యచంద్రానికి జాలేసింది. "సరే. అబ్బే, లేదండీ."

యేసుపాదం గొంతు సవరించుకుని కాయితం చదివాడు. "అయ్యయ్యో. అలా అంటే ఎలాగండీ. మా మాట కాదనకండి. ఏదో ఉన్నంతలో. కొంచెమే. బ్రాకెట్లో, చిరునవ్వు." తర్వాత నవ్వాడు. సంతకం పెట్టించుకుని, పైడిరాజు వైపు తిరిగాడు.

"నేదు బావూ, నేదు!" అన్నాడు పైడిరాజు ముందుగానే. "నీ నవ్వు నవ్వీసి ఎల్లు!"

గురువారం తెల్లారింది. సూర్యచంద్రం కళ్ళు తెరిచి, ముందుగా ఆకలి కోసం చూసుకున్నాడు. లేదు. ఉప్మా వాసన వచ్చింది, అది ఉప్మా అని తెలిసింది, అంతే. పిలిచి పిలిచి ఎవరూ పలక్కపోతే మనిషి గుమ్మం దిగి వెళ్ళిపోయినట్టు, ఆకలి వెళ్ళిపోయింది. పదకొండింటికి అడుగుతారు. ఇన్నాళ్ళూ ఉన్నదాన్ని లేదన్నాడు. ఇప్పుడు లేనిదాన్ని లేదంటే అది అసలైన నిజం, దానికి గొట్టం. అబద్ధం చెబుదామంటే చెప్పడానికి కూడా ఓపిక కావాలి. మంచం పక్కన ట్రేలో గొట్టం, జెల్లీ, టేపు అప్పుడే సర్ది ఉన్నాయి.

తొమ్మిదింటికి శశిరేఖ వచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో రెండు స్టీలు గిన్నెలు. పెసరపప్పూ బియ్యం పల్చగా ఉడికించి వడగట్టిన జావ, వెన్న తీసిన మజ్జిగ కలిపినట్టుంది, పుల్లటి వాసన వేస్తోంది.

"గొట్టంలో పంపాల్సిన ఆహారం ఇది," అంది, ఎవరికో చదివి వినిపిస్తున్నట్టు. "గొట్టం ఆహారానికి ఆకలి నిర్ధారణ అక్కర్లేదు. కానీ వేడిగా ఉంది. చల్లారాలి."

ఒక గిన్నె సూర్యచంద్రం మంచం పక్క బల్ల మీద పెట్టింది. ఒకటి పైడిరాజు పక్కన పెట్టింది. అట్ట మీద ఏముందో ఆవిడకి తెలుసు. కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో కూడా తెలుసు. రిజిస్టరు తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి నిలబడింది. కింద స్కూటర్ల స్టాండు తప్ప ఏమీ లేదు. ఆవిడ దాన్నే చూస్తోంది.

సూర్యచంద్రం ఆ వీపు వంక చూశాడు. ఆ నిలబడడం అతనికి తెలుసు. ఎదురుగా చూడవలసినదేమీ లేకపోయినా చూస్తూ ఉండడం, వెనకాల చప్పుడు వినకుండా ఉండడం, ఎంతసేపు ఉండాలో లోపల లెక్కపెట్టుకోవడం. ఏడిద నాగన్నకి ఆ రోజు తన వీపు ఇలాగే కనబడి ఉంటుంది.

గిన్నె ఎత్తాడు. మొదటి గుక్క గొంతులో కొత్త చుట్టంలా తడబడింది. రెండోది దారి చూసుకుంది. మూడో గుక్కకి, ఎక్కడికో పోయిన ఆకలి చెప్పులు విడిచి లోపలికొచ్చింది. మెల్లగా, ఆగి ఆగి, అడుగు కనబడేదాకా తాగాడు. పక్క మంచం మీద పైడిరాజు ఎప్పుడో తాగేసి, గిన్నె అడుగు వేలితో తుడుస్తున్నాడు.

శశిరేఖ రెండు ఖాళీ గిన్నెలూ పళ్ళెంలో పెట్టుకుంది. "నొప్పేమన్నా ఉందా?"

"లేదమ్మా."

"ఇది మాత్రం ఒక్కసారి అంటే చాలు," అని, రిజిస్టరులో రాసిన మాట పైకి చదువుకుంది. "చల్లార్చు సమయమున రెండు గిన్నెలు ఒలికినవి."

"స్వల్పముగా, అని రాయండమ్మా," అన్నాడు సూర్యచంద్రం. "స్వల్పముగా అంటే ఎవరూ వచ్చి చూడరు."

పదకొండింటికి సంఘం వచ్చింది. ఈసారి ఫోటో తీసేవాడు కూడా ఉన్నాడు. తలుపు దగ్గర వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. యేసుపాదం అక్కర్లేదని డైరెక్టరే స్వయంగా ముందుకొచ్చారు.

"సూర్యచంద్రం గారూ, మూడవసారి అడుగుతున్నాను. ఆకలిగా ఉందాండీ?"

ఆరు రోజుల్లో మొదటిసారి సూర్యచంద్రం కడుపు నిండి ఉంది. చల్లగా, నిమ్మళంగా ఉంది. ఆకలన్న ఊసు లేదు.

"ఉందండీ," అన్నాడు. తడుముకోలేదు. "మీరింతగా అడుగుతుంటే ఇంక... బాగా ఉందండీ."

డాక్టర్ త్రివిక్రమ్ అతని కళ్ళలోకి చూసి తల ఊపాడు. "కంఠంలో స్థిరత్వం ఉంది. ఆత్రం లేదు. ఇది నూటికి నూరుపాళ్ళు నిజమైన ఆకలి."

అందరూ చప్పట్లు కొట్టారు. వీరవేణి ఏడ్చింది. గుమాస్తా ధ్రువపత్రం మీద ముద్ర వేశాడు. అట్ట తీసేశారు. గొట్టం ట్రే పట్టుకెళ్ళిపోయారు.

"అడిగే పద్ధతిలోనే ఉందయ్యా అంతా," అన్నారు డైరెక్టరు ఎవరితోనూ కాకుండా. వెండి రంగు మూత తీసి, రెండు ఇడ్లీలున్న ప్లేటు తన చేతులతోనే సూర్యచంద్రం ఒళ్ళో పెట్టి, ఫోటోకి వంగారు. "కానివ్వండి. మా మాట కాదనకండి."

అవతల పైడిరాజు తన మూడోసారి కోసం మూతి తుడుచుకుని సిద్ధంగా కూర్చున్నాడు. శశిరేఖ రెండో వరసలోంచి, ఒక్క ఇడ్లీ చాలు అన్నట్టు వేలు చూపించింది.

సూర్యచంద్రం డైరెక్టరు మొహం చూశాడు. అంత పెద్దమనిషి, మూడోసారి తనే వచ్చి అడిగాడు. కాదంటే బాగుండదు.

ఆకలి లేకపోయినా, మొహమాటానికి ఒకటి తిన్నాడు.